పైసలు ముట్టినవి

ఆ పొద్దున రామచంద్రం వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా ఆఖరి ఫైలు మూసేయాలి, బాకీలేమీ లేవనే నో డ్యూస్ సర్టిఫికెట్ జేబులో పెట్టుకోవాలి, మధ్యాహ్నం బస్సుకు భార్య అనసూర్యతో కొండగట్టు వెళ్లి మొక్కు తీర్చుకుని సాయంత్రం సన్మానానికి తిరిగి రావాలి. ముప్పై నాలుగేళ్ల యూనివర్సిటీ నౌకరీకి ఆ రోజే ఆఖరు. ఆ సర్టిఫికెట్ లేనిదే పింఛను లేదు. అనసూర్య పులిహోర కూడా కట్టేసింది.

ఆఖరి ఫైలు హన్నా అనే ఫిన్లండ్ ఆవిడది. సిరిసిల్ల మరమగ్గాలు చూడ్డానికి వచ్చినావిడ, యూనివర్సిటీ వాళ్లు అడిగితే కాదనలేక గంటసేపు ఉపన్యాసం ఇచ్చింది. దానికి గౌరవ వేతనం పదివేలు. రామచంద్రం నిన్ననే రశీదుకు రెవెన్యూ స్టాంపు అంటించి, ‘పైసలు ముట్టినవి’ అన్నచోట ఆవిడ చేత సంతకం పెట్టించాడు. పైసలు ఇంకా ముట్టలేదు. ముందు సంతకం, తర్వాత పైసలు. అకౌంట్స్ సెక్షన్‌లో పొద్దు పొడవడం ఎంత మామూలో ఇదీ అంతే.

ఆడిటర్ విజయేందర్ ఫైలు తెరిచాడు.

"టాక్స్ కట్ చేసిన్రా సార్? ఆమెకు పాన్ కార్డు ఉన్నదా?"

"గంటసేపు మాట్లాడిపోయేటామెకు పాన్ కార్డు ఏడికెల్లి వస్తది?"

"అయితే వాళ్ల దేశం టాక్స్ ఆఫీసుకెల్లి సర్టిఫికెట్ తెప్పియ్యున్రి. వీసా గూడ సరిగున్నదని రాయించుకరాన్రి."

గెస్ట్ హౌస్‌కు వెళ్లి అడిగితే, ఆ సర్టిఫికెట్‌కు ఆరు వారాలు పడుతుందంది హన్నా. ఆవిడ విమానం రేపు. పోనీ వీసా సంగతైనా తేలుద్దామని రామచంద్రం ఆవిడ వీసా జిరాక్సు పట్టుకుని యూనివర్సిటీలోనే ఉన్న విదేశీయుల సెక్షన్‌కు పరుగెత్తాడు. అక్కడి గుమాస్తా మమతారాణి అది చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అన్నా, గిది టూరిస్టు వీసా! గీమెకు రూపాయి గూడ ఇయ్యొద్దు. ఇస్తే ఆమెకూ పరేషానే, మనకూ పరేషానే."

రామచంద్రానికి ప్రాణం లేచొచ్చింది. ఇవ్వకపోతే సరిపాయె! ‘నాకు డబ్బు వద్దు’ అని హన్నా నవ్వుతూ రాసిచ్చింది.

"మంచిగనే ఉన్నది," అన్నాడు విజయేందర్. "మరి ముట్టినయని సంతకం పెట్టింది గదా?"

"పైసలు ఇయ్యలే సార్! సంతకమే తీసుకున్న!"

"నాకు కాగితం కావాలె గని కథలు గాదు. కాగితంల ముట్టినయి. వద్దన్నది గాబట్టి వాపస్ కట్టాలె."

ఇవ్వని డబ్బు వాపసు వచ్చే దారి ఒక్కటే కనిపించింది. రామచంద్రం ఏటీఎంలో తన సొంత పదివేలు తీసి, హన్నా పేరిట యూనివర్సిటీ ఖాతాలో కట్టి, చలాన్ తెచ్చాడు. ఇంతలో ఫోను మోగింది.

"బస్సు పోయింది," అంది అనసూర్య. "పులిహోర తింటున్న."

విజయేందర్ చలాన్‌ను వెలుతురుకు పెట్టి చూశాడు. "ఫికర్ చెయ్యకున్రి సార్. కానీ విదేశపామె పైసలు మన ఖాతాల వడ్డట్టయింది. విదేశపు పైసలు తీసుకోవాలంటె ఢిల్లీ సర్కారు పర్మిషన్ ఉండాలె, అదేది?"

వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చిన హన్నా ఒక చాక్లెట్ చేతిలో పెట్టబోతే, రామచంద్రం నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "వద్దమ్మా! దీనికీ ఢిల్లీకి రాయాలంటరు!"

అయిదింటికి శాలువా కప్పారు. నో డ్యూస్ మాత్రం ఇవ్వలేదు. బదులుగా మమతారాణి ఇంకో కాగితం తెచ్చింది. ఆ ఫైలు ఆయనకు తప్ప ఎవరికీ అర్థం కాదు గనుక, అది మూతపడేదాకా ఆయన రేపటి నుంచి సలహాదారుగా రావాలట. గౌరవ వేతనం పదివేలు. కింద రశీదు, దాని మీద అంటించిన స్టాంపు.

"జర సంతకం పెట్టు అన్నా. పైసలు తర్వాత వస్తయి."

వద్దనుకుంటూనే ఉన్నాడు గాని, ముప్పై నాలుగేళ్ల అలవాటున చెయ్యి సంతకం పెట్టేసింది.