ముల్లు దిగని విమానం

“ఇకమీదట మన ద్వీపాల విమానాల్లో పెట్రోలు తగ్గదు” అని విమాన పరికరాల కేంద్రం డైరెక్టర్ వీరరాఘవయ్యగారు ప్రకటించగానే డెలానీపూర్ క్వార్టర్లన్నీ పులకించాయి. ఆయన పక్క క్వార్టరు నాది కనుక నేను ఇంకాస్త ముందే పులకించాను.

ఆయన తయారు చేయించిన సెన్సార్ సంగతి సులువే. ట్యాంకులో ఒక కడ్డీ, దాని కొసన పెట్రోలు మీద తేలే రాగి బుడ్డి. పెట్రోలు తగ్గితే బుడ్డి దిగుతుంది, పైలట్ ఎదుట డయల్లో ముల్లూ దిగుతుంది. డాలీగంజ్ షెడ్డులో మనవాళ్లు ఆ బుడ్డిని ‘తేలు’ అంటారు.

మొదటి పరీక్షలో ముల్లు సగానికి దిగింది. రేపు దీన్ని చూడ్డానికొచ్చే మంత్రిగారి ఎదుట కూడా ఇలాగే దిగజారుతుందా అని డైరెక్టర్ మెకానిక్ యేసురాజును నిలదీశారు. పెట్రోలు సగం తీశాం కదండీ అన్నాడతను. ముల్లులో కనబడేది నీ మనసులోని నిరాశే అని ఆయన జాలిపడి, బుడ్డికి మెరుగు పెట్టించమన్నారు. యేసురాజు బుడ్డి విప్పి స్టోరుకిచ్చి, కడ్డీ వంగకుండా దారంతో పైకి కట్టి, నెలలు నిండిన భార్య సారాను ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

మర్నాడు మంత్రిగారు దిగే ముందు డైరెక్టర్ స్టోర్‌కీపర్ మిశ్రాను అడిగారు.

“తేలు వేశారా?”

“హా సాబ్, తేల్ డాల్ దియా. ఫుల్.”

మిశ్రా హిందీలో తేల్ అంటే పెట్రోలే. ఇద్దరూ తృప్తిపడ్డారు.

సగం పెట్రోలు తీశారు. ముల్లు ఫుల్. మొత్తం తీశారు. ఫుల్. మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. మన పార్టీ బలం కూడా దీంతోనే కొలిపించాలయ్యా అన్నారు. రేపే ఎగరాలనీ, తాను ముందు సీట్లో, మెకానిక్ వెనక సీట్లో కూర్చోవాలనీ నిర్ణయించారు.

యేసురాజు ఆసుపత్రి నుంచి తిన్నగా విమానమెక్కాడు. డైరెక్టర్ మంత్రిగారికి జ్ఞాపిక పెట్టె అందించారు. మంచి వస్తువేదైనా పెట్టమంటే మిశ్రా సర్దిన పెట్టె అది. మూత తీస్తే లోపల రాగి బుడ్డి ధగధగలాడింది.

“అయ్యా, తేలు!” అన్నాడు యేసురాజు.

మంత్రిగారు పంచె ఎగదోసుకుని, పెట్టె చంకలో పెట్టుకుని, నిచ్చెన లేకుండానే దిగిపోయారు. అందరూ సీట్ల కింద కర్రలతో పొడుస్తుంటే యేసురాజు మాట వినేందుకు ఎవరికీ చెవి ఖాళీ లేదు. మంత్రిగారు జ్ఞాపికతో సహా ఓడలో మద్రాసు వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం డైరెక్టర్ మా వరండాలో యేసురాజు భుజం తట్టారు.

“మూలమూలా వెతికించాను. విమానంలో తేలు లేదు. రేపు ధైర్యంగా ఎక్కు.”

“లేదనే కద్సార్, నేనూ మొత్తుకుంటున్నాను.”

“మరింకేం? ఇద్దరిదీ ఒకటే మాట.”