బొగ్గుకు పథ్యం

ముప్పై ఒక్క సంవత్సరాలు గణితం బోధించి పదవీ విరమణ చేసిన లింగమూర్తి, ఆ సోమవారం ఉదయం కరీంనగర్‌లోని తన ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించాడు. ఎర్ర సిరా గళ్లలో ఎనిమిది వారాల ఆహార ప్రణాళిక ఉంది. ఉప్పు లేని జొన్న గటుక, ఉడికించిన గుమ్మడికాయ, ఎముక తీసిన కోడిమాంసం. శనివారం నీళ్లు మాత్రమే. అది ఆయన కుక్క కోసం.

గోదావరిఖని నుంచి బావమరిది తెచ్చి ఇచ్చిన ఆ నల్ల కుక్క పేరు బొగ్గు. దాని వెనుక కాలి మీద నిమ్మకాయంత గడ్డ లేచింది. బరువు ముప్పై ఆరు కిలోలు. పశువుల డాక్టర్ వనజ మాట దాచలేదు.

"ముప్పైకి దిగకుంటే నేను మత్తు ఇయ్యను సార్. గుండె తట్టుకోదు. గడ్డ కూడ రెండు నెలల కంటే ఎక్కువ ఆగదు."

ఇంట్లో బరువు చూసే మిషను మీద బొగ్గు నిలబడేది కాదు. అందువల్ల లింగమూర్తి దాన్ని ఎత్తుకొని మిషనెక్కి, వచ్చిన అంకెలోంచి తన అరవై ఎనిమిది కిలోలు తీసివేసేవాడు. ఈ పద్ధతిని తానే కనిపెట్టినట్టు చెప్పుకునేవాడు.

మొదటి శనివారమే చిక్కు వచ్చింది. శనిదోషం ఉన్నవారు నల్లకుక్కకు బెల్లం, నెయ్యి వేసిన రొట్టె పెట్టాలని గుడి పంతులు చెప్పాడు. చుట్టూ నాలుగు వీధుల్లో నల్లకుక్క బొగ్గు ఒక్కటే. ఎదురింటి రాజక్క రెండు రొట్టెలతో గేటు దగ్గర నిలబడింది.

"మా పిలగానికి ఏలినాటి శని నడుస్తుందట సారూ. గీ బొగ్గును కాదని నేనేడ తిరగాలె?"

కాదనడానికి లింగమూర్తికి మొహమాటం అడ్డొచ్చింది. తరువాత తానే పెడతానని చెప్పి రొట్టెలు తీసుకున్నాడు. కుక్కకు పెట్టకూడదు. అన్నాన్ని పారవేయడం పాపమని ఆయన మూడు తరాల విద్యార్థులకు చెప్పి ఉన్నాడు. మిగిలిన మార్గం ఒక్కటే. ఆయన తన సిద్ధాంతానికి కట్టుబడి నమిలాడు.

మరుసటి శనివారానికి రొట్టెలు ఎనిమిదయ్యాయి. లింగమూర్తి గేటుకు పలక తగిలించాడు: "ఈ కుక్క పథ్యంలో ఉన్నది. శనివారం ఉపవాసం. దయచేసి ఏమీ పెట్టవద్దు." శనివారం ఉపవాసముండే నల్లకుక్క జిల్లాలో మరెక్కడా లేదని ఊరు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఉపవాసమున్న జీవికి పారణ చేయిస్తే పుణ్యం రెట్టింపు కనుక, ఆదివారం తెల్లవారేసరికి గేటు ముందు వరుస కట్టారు. ఆటో నడిపే హనుమండ్లు అడ్రస్ అడగకుండానే మనుషులను తెచ్చి దింపసాగాడు. లింగమూర్తి కుర్చీ వేసుకొని, స్టీలు డబ్బాలో రొట్టెలు స్వీకరించి, అందరికీ ఒకే హామీ ఇచ్చాడు. డబ్బాలో ఏ వారమూ ఒక్క రొట్టె కూడా మిగలలేదు.

నాలుగు వారాల తరువాత మిషను నూట అయిదు చూపింది. అంటే బొగ్గు ముప్పై ఏడు. తగ్గవలసిన కుక్క పెరిగింది. లింగమూర్తి ఆధారాలు వెతకలేదు. భార్య మమతారాణి వైపు చూశాడు.

"నేను వెట్టలే" అన్నదామె. "దాని మెడ బెల్టు చూడుండ్రి. రెండు బొక్కలు లోపలికి వోయింది."

"తోలు సాగింది. అంకె అబద్ధం చెప్పదు."

అదే వారం ఆయన చొక్కా నడిమి గుండీ తెగింది. ఆ నేరం చాకలి మీద పడింది. తరువాత వంటింటికి తాళం పడింది. ఎనభై ఒక్క ఏళ్ల తల్లి శంకరవ్వ దిండు కింద బిస్కెట్ల కోసం సోదా జరిగింది.

"నా నోట్లె ఒక్క పన్ను లేదు. బిస్కెట్లు దాసుకొని నేనేం జేసుకుంట బిడ్డా?" అన్నది శంకరవ్వ. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

మమతారాణి భర్తతో మాట్లాడటం మానివేసింది. చెప్పవలసినవి కుక్కకు చెప్పేది. "బొగ్గూ, చాయ్ టేబుల్ మీదున్నదని చెప్పు."

ఎనిమిదో వారం చివర మిషను నూట ఆరు చూపింది. ముప్పై ఎనిమిది. ఈసారి లింగమూర్తి ఎవరినీ నిందించలేదు. నేల మీద కూర్చొని, బొగ్గు కాలి గడ్డ మీద చేయి వేశాడు. అది ఆయన మోకాలిపై తల పెట్టింది.

"ఇగ ఆపరేషన్ లేదు" అన్నాడు.

నెల రోజుల్లో మొదటిసారి మమతారాణి నేరుగా మాట్లాడింది. "డాక్టరమ్మ దగ్గరికి వోదాం. ఆమె తూకం ఆమె చూసుకుంటది. లేవుండ్రి."

ఆస్పత్రిలో తూకం పలక నేల మట్టానికి ఉంది. బొగ్గు దాని మీదికి నడిచి, తనంతట తాను కూర్చుంది. వనజ అంకెను రెండుసార్లు చూసింది.

"ఇరవై తొమ్మిదిన్నర. మస్తు తగ్గించిండ్రు సార్. రేపు పొద్దున్నే చేసేద్దాం."

మమతారాణి గోడకు ఆనుకొని కళ్లు తుడుచుకుంది. లింగమూర్తి మాత్రం ఆ తూకంలో లోపం ఉందని చెప్పి, తన పద్ధతిని వివరించాడు. వనజ పూర్తిగా విన్నది.

"మీ బరువు ఎప్పుడు చూసుకున్నరు సార్?"

"రిటైరైనప్పుడు."

మమతారాణి బొగ్గును పక్కకు పిలిచింది. "ఎక్కుండ్రి" అన్నది భర్తతో.

డెబ్భై ఆరున్నర. లింగమూర్తి రెండు అంకెలనూ మనసులో కూడాడు. నూట ఆరు వచ్చింది. ఆ రెండు నెలల్లో ఆయన చేసిన మొదటి సరైన లెక్క అదే.

గడ్డ ప్రమాదకరమైనది కాదని తేలింది. మూడో రోజుకు బొగ్గు కుంటకుండా నడిచి వెళ్లి శంకరవ్వ మంచం పక్కన పడుకుంది. ఆమె దాని చెవి నిమురుతూ, "ఇగ ఫికర్ లేదు" అన్నది. రాజక్క కొడుక్కి కూడా అదే వారం ఉద్యోగం వచ్చింది. రొట్టె ఎవరు తిన్నారన్నది శని పట్టించుకున్నట్టు లేదు.

గేటు దగ్గర కుర్చీలో ఇప్పుడు మమతారాణి కూర్చుంటుంది. ఫ్రిజ్ మీది కాగితం తీయలేదు. పైన ఉన్న పేరు ఒక్కటే కొట్టివేసి, వేరే చేతివ్రాతతో లింగమూర్తి అని రాసి ఉంది. శనివారం గడి మాత్రం మారలేదు.