మేజర్‌కు తెలుగు రాదు

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, మనవరాళ్ళ వయసు పిల్లల పక్కన కూర్చుని. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు ఎటో పోతాయి. నేను ఒక వాక్యం రాసేలోపు మీరు చాయ్ తాగి రావచ్చు. తాగే రండి, విషయం చల్లారదు.

"ఇయ్యాల్టి సంది మా మేజర్ ముంగట ఎవ్వరు గూడ తెలుగు మాట్లాడొద్దు!"

ఇది ప్రకటన! చేసినవారు సిద్ధరాములు సావుకారు. షోలాపూర్ నీలం నగర్‌లో మా వీధి బాగోగులు చూసే సుధార కమిటీకి అధ్యక్షులు, మరమగ్గాల కార్ఖానాకు యజమాని. తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలం మాట. నేను అద్దెకుండే గది ఆ కార్ఖానాకు ఎదురుగానే. గడపలో కూర్చుని బీడీలు చుడుతూ ఆ ప్రకటన నా చెవులారా విన్నాను.

మేజర్ అంటే పటాలం ఆఫీసరు కాదు, పుణె నుంచి టాక్సీలో వచ్చిన కుక్క. నిటారు చెవులు, నల్లటి వీపు. దాని తాతకు పోలీసు పతకం వచ్చిందట! మా వీధిలో తాతకు పతకమున్న ప్రాణి అదొక్కటే. సావుకారు వంశం కూడా తక్కువది కాదు. ఆయన చెప్పిన ప్రకారం వాళ్ళ తాతముత్తాతలు నూలు వర్తకులు. ఆ ఇంటి మగవాడి చెయ్యి ఏనాడూ మగ్గానికి తగలలేదు!

మరమగ్గాలను మా వాళ్ళు సాంచాలంటారు. అవి తిరుగుతుంటే పక్క మనిషి అరిచినా వినపడదు. అందుకని పనివాళ్ళు చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగిందన్నా, సాంచా ఆపమన్నా, చాయ్ వచ్చిందన్నా, అన్నిటికీ చెయ్యే. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం సావుకారు ఈ భాషను నిషేధించేవారు. "కూలోల్ల యేషాలు నా ఇంట్ల నడవయ్!" అనేవారు.

అంత గొప్ప కుక్కను ఎక్కడ కట్టేశారు? నూలు మూటలకు కాపలాగా, సాంచాల నడుమ! రెండేళ్ళు రాత్రీ పగలూ అక్కడే. మొదట్లో "సిట్" అంటే కూర్చునేది. పోనుపోను వినడం మానేసింది. కమిటీ సెక్రటరీ నర్సయ్య పంచె కూడా చింపింది. సావుకారు ఆలోచించి కారణం కనిపెట్టారు. మన తెలుగు వినీ వినీ దాని ఇంగ్లీషు పాడవుతోంది! అందుకే ఆ ప్రకటన. మరునాటి నుంచి నేను కూడా బీడీల గంప ఎత్తుకుని పోతూ మేజర్‌కు "గుడ్ మార్నింగ్" చెప్పేదాన్ని. అది నా మొహం చూడను కూడా చూసేది కాదు. నా ఉచ్చారణ నచ్చలేదేమో అనుకున్నాను.

ఒకరోజు సావుకారు మనవరాలు మంగళ జొన్నరొట్టె ముక్క పట్టుకుని వెళ్ళి, పడుకున్న మేజర్ వీపు మీద చెయ్యి వేసింది. మేజర్ పిల్ల మణికట్టు కరిచి పట్టేసింది. కుట్లు పడ్డాయి. సావుకారు వెంటనే విచారణ మొదలుపెట్టారు.

"దానితోని నువ్వేమన్నవే?"

"దా మేజర్, రొట్టె తిను అన్న!" అని మంగళ ఏడుస్తూ అరిచింది.

"గదే! తెలుగు! ఎంత అవమానపడ్డదో!"

"దానికి అవమానం, నా మన్మరాలికి కుట్లు!" అంది ఆయన భార్య భాగ్యలక్ష్మి. కొంగు దోపుకుని స్వయంగా మున్సిపాలిటీకి పోయి చెప్పి వచ్చింది. పశువుల డాక్టరు వచ్చి చూస్తాడు. యజమాని మాట వినే కుక్కయితే ఉంటుంది, లేకపోతే బండి ఎక్కుతుంది. ఆ బండి ఎక్కిన కుక్కలు తిరిగి రావని మా వీధిలో అందరికీ తెలుసు.

మంగళ అన్నం మానేసింది. కట్టు కట్టిన చేత్తోనే నా కొంగు పట్టుకుంది.

"అంజవ్వా, మేజర్ చెడ్డోడు కాదే. దిగ్గున లేచిండు. భయపడ్డడు."

"గా ముచ్చట మీ తాతకు చెప్పు బిడ్డా."

"తాత ఇంగ్లీషుల చెప్పుమంటడు."

డాక్టరు వచ్చిన రోజు సాంచాలన్నీ ఆపారు. కుర్చీలు, పూలదండ, గోల్డ్‌స్పాట్ సీసా! అక్కల్‌కోట్ రోడ్డు మలుపులో బండి కాచుకుని ఉంది. సావుకారు కోటు తొడుక్కుని మేజర్ ఎదుట నిలబడ్డారు.

"సిట్!"

మేజర్ ఆవలించింది.

"సిట్ డౌన్!"

మూతి నాక్కుంది.

"ప్లీజ్ సిట్!"

మొహం పక్కకు తిప్పుకుంది. "ఆలోచిస్తున్నది. ఇంగ్లీషు గదా, జెర టైం పడ్తది," అన్నారు సావుకారు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. మంగళ వెక్కడం మొదలుపెట్టింది.

అప్పుడు నర్సయ్య సాయం చేద్దామని వెనక నుంచి వచ్చి మెడపట్టా లాగాడు. మేజర్ గిర్రున తిరిగింది. పళ్ళన్నీ బయటపెట్టింది! కమిటీ మొత్తం కుర్చీలెక్కింది. సావుకారు మేజర్‌కూ నర్సయ్యకూ మధ్యకు ఉరికారు. ఇంగ్లీషు పోయింది, తెలుగూ పోయింది, కుడిచెయ్యి మాత్రం లేచింది. అరచెయ్యి కిందికి తిప్పి గాలిని గట్టిగా నొక్కింది. "సాంచా ఆపు, పోగు తెగింది!" అనే కార్ఖానా సైగ అది. ఏళ్ళ తరబడి సాంచా నడిపిన మనిషికి తప్ప ఆ మణికట్టు విరుపు రాదు.

మేజర్ బుద్ధిగా కూర్చుంది.

పాత పనివాడు మల్లేశం మొహం వెలిగిపోయింది. సావుకారు ఎదుటికి వచ్చి, అదే చెయ్యి తిప్పి చూపిస్తూ అరిచాడు. "సావుకారూ! గది మన జోడ్‌భావి పేట కార్ఖానల చెయ్యి గాదు? నీ సాంచా పక్కనే నా సాంచా! యాదికున్నదా?"

"అది... అది లండన్ పద్ధతి!" అన్నారు సావుకారు.

డాక్టరు మేజర్ వెనకకు పోయి గట్టిగా చప్పట్లు కొట్టాడు. చెవి కూడా కదల్లేదు. ఆయన మరాఠీలో చెప్పింది ఇదీ: కుక్కకు చెవుడు. ఇంత చప్పుడులో కట్టేస్తే చెవులు మిగులుతాయా? పాపం, పనివాళ్ళ చేతులు చూసి బతుకుతోంది. నిద్రలో వెనక నుంచి చెయ్యి పడితే ఏ ప్రాణి అయినా ఉలిక్కిపడి కరుస్తుంది. కూర్చోమని గద్దిస్తుంటే ఆవలించినా, మూతి నాక్కున్నా, మొహం తిప్పుకున్నా, నన్ను వదిలెయ్యండని అర్థం. దీన్ని ఇంటి వాకిట్లోకి మార్చండి. ఎదురుగా రండి, చెయ్యి చూపించండి, పడుకుంటే ముట్టకండి. పిల్లను దానితో ఒంటరిగా వదలకండి.

బండి ఖాళీగా వెళ్ళిపోయింది. మంగళ కళ్ళు తుడుచుకుని, నానమ్మ పక్కన, మేజర్‌కు ఎదురుగా నిలబడి చాయ్ సైగ చేసింది. మేజర్ తోక ఊపుకుంటూ వచ్చింది.

డాక్టరు గోల్డ్‌స్పాట్ తాగుతూ సావుకారును మెల్లగా అడిగాడు. "శేట్‌జీ, మీరు ఎన్నేళ్ళు నడిపారు సాంచా?"

సావుకారు హుందాగా నవ్వారు. "పాలు, కోడిగుడ్డు. పొద్దుమీకి రొట్టె."

డాక్టరు గొంతు పెంచి మళ్ళీ అడిగాడు.

"చెప్పిన గదా, పుణె నుంచే!"

భాగ్యలక్ష్మి నిట్టూర్చింది. "డాక్టర్ సాబ్, నా పెండ్లయిన కాడికెల్లి గీయన ముంగటికొచ్చి, చెయ్యి చూపిచ్చే మాట్లాడుతున్న. పండుకుంటే ముట్టనే ముట్ట!"

సాదుల అంజమ్మ, వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది షోలాపూర్ అశోక్ చౌక్ దగ్గర, చిన్న కూతురి ఇంట్లో.