మూడు ఊళ్ల పోలీసు, అయిదు కుర్చీలు

వెర్నా కుజ్మిచ్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. మూడు ఊళ్ల పోలీసు శాఖలను ఒకటిగా కలిపేశారు. కొత్త బోర్డు తొలి సమావేశానికి వెళ్లి, ఓ మూల కూర్చుని, ఒక్క మాట అడిగి, మధ్యాహ్నం తను నడిపే స్కూలు బస్సు తీసే వేళకు వచ్చేయాలి. హెక్లర్ లోయలో ఒంటరిగా ఉంటున్న పదకొండు మంది ముసలివాళ్ల తలుపులు రోజూ పొద్దున్నే తట్టి వచ్చే ఆఫీసర్ లోనీ గస్తీని ఎత్తేయొద్దని, అంతే. పోయిన చలికాలం జారిపడి లేవలేకపోయిన ఇద్దరు ఆ గస్తీ వల్లే బతికారు.

బోర్డులో గ్రిమ్స్‌బర్గ్‌కు రెండు కుర్చీలు, ఆల్డర్‌విల్‌కు రెండు. లోయలో ఉన్నది గట్టిగా లెక్కేస్తే నాలుగు వందల మంది కాబట్టి వాళ్లకు ఒకటి విదిల్చారు. ఆ ఒక్కటి వెర్నాది.

అందరికంటే ముందొచ్చిన వెర్నా, తను వండి తెచ్చిన పిరోగీలు, అంటే ఆలుగడ్డ కూరిన కుడుములు, చల్లారకుండా కరెంటు కుక్కరును ప్లగ్గులో పెట్టింది. తీగ పొట్టిది. అది అందే చోట ఉన్నది అధ్యక్షుడి కుర్చీ. అందులోనే కూలబడింది.

గ్రిమ్స్‌బర్గ్ మేయర్ డీట్జ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆల్డర్‌విల్ వాళ్లు ఈమెను ముందే తమ వైపు లాగేశారనుకున్నాడు. ఆమెను వరండాలోకి పిలిచాడు.

"వాళ్లేం ఇస్తామన్నారు వెర్నా?"

"ఎవరూ ఏమీ అన్లేదు. లోనీ గస్తీ ఉంచండి, చాలు."

"నా దగ్గర దాచకమ్మా. ఊరికే ఆ కుర్చీ ఎక్కుతావా?"

"తీగ అందక కూర్చున్నానయ్యా."

డీట్జ్ ముప్పై ఏళ్లుగా రాజకీయాల్లో ఉన్నాడు. నిజాన్ని గుర్తుపట్టే అలవాటు ఎప్పుడో పోయింది.

వాళ్లిద్దరూ వరండాలోంచి రావడం ఆల్డర్‌విల్ మేయర్ రప్ చూశాడు. కాఫీ దగ్గర ఆమెను పట్టుకుని ఏం మాట్లాడారని అడిగాడు. లోనీ గస్తీ గురించేనని చెప్పిందామె.

"గస్తీ ఒక్కటేనా ఇస్తానన్నాడు? పిసినారి. మేం పోలీసు కారు కూడా మీ లోయలోనే ఉంచుతాం. అధ్యక్ష పదవి మాత్రం ఆయనకి పోనీకు."

"పదవుల సంగతి నాకెందుకు బాబూ. నాకు బస్సుంది."

"గడుసుదానివే."

ఎన్నిక మొదలైంది. రప్‌కు దక్కకూడదని డీట్జ్ వెర్నా పేరు చెప్పాడు. డీట్జ్‌కు దక్కకూడదని రప్ వెంటనే బలపరిచాడు. నాలుగు చేతులు లేచాయి. ఆమె వద్దంటే బెట్టు అనుకున్నారు.

అప్పుడు గుమాస్తా నిబంధన చదివాడు. ఓట్లు సమానమైతే తప్ప అధ్యక్షురాలికి ఓటు లేదు. వెర్నా ముఖం పాలిపోయింది. లోయకున్న ఒక్క ఓటూ పోయింది. మేయర్ల ముఖాలు మాత్రం వికసించాయి. ఓటు లేని మనిషికి ఇచ్చిన మాట ఎవరు నిలబెట్టుకుంటారు?

"గస్తీ దండగ. ఎత్తేద్దాం," అన్నాడు డీట్జ్.

అదే మాట అనబోతున్న రప్, డీట్జ్ నోట అది వినగానే వ్యతిరేకించాడు. రెండుకు రెండు. నలుగురూ ఆమె వైపు చూశారు.

వెర్నా కళ్లజోడు పెట్టుకుని ఆ నిబంధనను తను కూడా ఓసారి చదువుకుంది.

"గస్తీ ఉంటుంది. తర్వాతది చదవండి."

పదకొండున్నరకల్లా తొమ్మిది విషయాలు తెగ్గొట్టింది. అన్నీ రెండుకు రెండే. పెద్ద చదువుల నలుగురు విలీనం చర్చల్లో ఏడాదిగా తేల్చలేనివి, బస్సు నడిపే మనిషి గొంతు పెంచకుండా తేల్చేసింది. లోయకు మేలైనవే కాదు, న్యాయమనిపించినవి మిగతా రెండు ఊళ్లకూ ఇచ్చింది.

ఆ బోర్డులో ఏకగ్రీవంగా జరిగింది ఇప్పటికీ ఆమె ఎన్నిక ఒక్కటే.