సంతకానికి మంచి ఘడియ

శనివారం పొద్దున్నే మధుబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయి తేజ చేత సంతకం పెట్టించాలి, హాకీ మ్యాచ్ ఆడించాలి, గెలవాలి. ఈ పరాయి దేశంలో, ఫ్లాట్ బుష్ అనే పేటలోని తెలుగువాళ్ల జట్టును పెట్టిందీ, నడిపేదీ, స్టిక్కులు మోసేదీ అతనే. ఈ సీజనంతా ఓటములే. ఇవాళ హామిల్టన్ జట్టు చేతిలోనూ ఓడితే వచ్చే ఏడు లీగులో తన జట్టే ఉండదు.

ఆశంతా కొత్త గోల్‌కీపర్ సాయి తేజ మీదే. కుర్రాడికి ఉద్యోగం హామిల్టన్‌లో. అయినా తను ఈ దేశంలో దిగిన రోజు ఎయిర్‌పోర్టుకు వచ్చి, వారంపాటు ఇంట్లో పెట్టుకున్న మధుబాబు అంకుల్ జట్టుకే ఆడతానన్నాడు. ఫోన్‌లో ఓ మీట నొక్కితే అయిపోయే సంతకం. దానికి మధుబాబే మొన్న అమావాస్యన్నాడు, నిన్న వర్జ్యమన్నాడు. ఇవాళ గోడమీది బెజవాడ క్యాలెండర్ చూసి, రాహుకాలం వెళ్లాక పెట్టమని మెసేజ్ పంపాడు.

"సరే అంకుల్. ముందు మీతో ఒక విషయం మాట్లాడాలి" అని జవాబొచ్చింది.

మధుబాబు వెంటనే ఫోన్ చేస్తే స్విచాఫ్.

"ఏం విషయమంటావ్, సుభద్రా?"

"వస్తాడుగా, అడగండి" అంది భార్య దోసె తిరగేస్తూ.

"అసలు వాడిన్నాళ్లూ సంతకం ఎందుకు పెట్టలేదంటావ్?"

"మీరు పెట్టనిస్తేగా!"

అంతలో వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫోటో పెట్టారు. హామిల్టన్ నుంచి వచ్చే దారిలో ఉన్న బాంబే హిల్స్ పెట్రోల్ బంకు దగ్గర హామిల్టన్ మేనేజరు రాఘవయ్య, ఆయన పక్కనే కాఫీ తాగుతూ సాయి తేజ. మధుబాబు ఫోటోను పెద్దది చేసి మరోసారి చూశాడు. మ్యాచ్ మొదలయ్యేలోగా సంతకం పడకపోతే ఆటగాడిని ఎవరైనా బదులేమీ ఇవ్వకుండా ఎగరేసుకుపోవచ్చు. ఆలోగా అయితే, లీగుకు అతని పేరిచ్చిన జట్టు అతన్నిచ్చి ఇంకో ఆటగాణ్ణి తీసుకోవచ్చు.

"ఎలాగూ పోయేవాడే. బదులుగా ఒక గోల్‌కీపరైనా దక్కుతాడు" అన్నాడు.

"పిల్లాణ్ణి ఒక్కమాట అడక్కుండానా?" అంది సుభద్ర.

అతను వినలేదు. క్యాలెండర్‌లో రాహుకాలం దాటేదాకా మాత్రం ఓపిక పట్టి, రాఘవయ్యకు ఫోన్ చేశాడు.

"మా సాయి తేజను తీసుకుని, మీ గోల్‌కీపర్ లింగయ్యను ఇస్తారా?"

"నిజంగానా?" అన్నాడు రాఘవయ్య. ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఒప్పేసుకున్నాడు. అప్పుడే మధుబాబుకు అనుమానం రావలసింది.

మైదానంలో సాయి తేజ రాఘవయ్య కారులోంచే దిగాడు. చేతిలో పెద్ద డబ్బా ఉంది. మొహం పాలిపోయి ఉంది.

"నన్ను ఇచ్చేశారంట కదా అంకుల్?"

"నువ్వేదో మాట్లాడాలన్నావు! ఆయన కారెక్కావు!"

"నా కార్ స్టార్ట్ అవ్వలేదు. ఫోన్లో ఛార్జింగ్ కూడా అయిపోయింది. ఆయన లిఫ్ట్ ఇచ్చారు. దారంతా వాళ్ల టీమ్‌కి రమ్మన్నారు, నేను రానన్నాను."

"మరి ఆ విషయం?"

"ఫస్ట్ టైమ్ పులిహోర చేశాను. అందరికీ తేవచ్చా అని అడుగుదామనుకున్నా."

మధుబాబుకు మొహం చెల్లలేదు. డబ్బా అందుకున్నాడు. ఆ కుర్రాడి కళ్లలోకి చూడలేక, పరుగున రాఘవయ్య దగ్గరికి వెళ్లాడు.

"పొరపాటైంది రాఘవయ్యగారూ, వెనక్కి తీసుకుంటాను."

"అబ్బాయి సంతకం అయిపోయిందండీ. మీరు ఫోన్ చేయగానే కారు బానెట్ మీదే, నా ఫోన్లో పెట్టించా. మాకు ఘడియల పట్టింపు లేదు."

ఇక మిగిలింది లింగయ్య. అతను కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని, బెంచీ మీద నింపాదిగా కూర్చున్నాడు. జట్టు మారాడు కనుక అతనూ కొత్తగా సంతకం పెట్టాలి. మధుబాబు ఫోన్ చాపాడు.

"ఇప్పుడా? రాహుకాలం కదండీ" అన్నాడు లింగయ్య.

"ఎప్పుడో వెళ్లిపోయింది! క్యాలెండర్ చూసే వచ్చాను!"

"అది బెజవాడ సూర్యుడి లెక్క. ఇక్కడి సూర్యోదయం ప్రకారం ఇంకా నడుస్తోంది. అది పోయేదాకా నేను వేలు పెట్టను."

అంపైర్ విజిల్ వేశాడు. మధుబాబు వంగి, లింగయ్య కాళ్ల ప్యాడ్లు విప్పి తను కట్టుకున్నాడు.

హామిల్టన్ మొదటి గోల్ వేసే సమయానికి రాహుకాలం ఇక్కడ కూడా వెళ్లిపోయింది.