ఎర్రమ్మ ఇంటిపై ఆన్‌లైన్ సర్వే దండయాత్ర

స్వస్తి! రెండువేల ఎనిమిదవ సంవత్సర గ్రీష్మమున, మిరపకల్లములపై మార్తాండుడు మరింత కారము చల్లుచుండగా, భద్రాద్రి అడవుల అంచున, ఏన్కూరి ఏకైక ఇంటర్నెట్ కేంద్రమున, మౌసుపట్టిన మూషికధారియు, సర్వేలు చేయు సర్వేశ్వరుడును అగు మొహసిన్ మహావీరుడు కొలువుదీరెను. ఇంటింటి వివరములు రాబట్టు ఆన్‌లైన్ ప్రశ్నావళి అతడు స్వయముగా చెక్కిన బ్రహ్మాస్త్రము.

"సాయంత్రంలోపు ఒక్క ఇల్లన్న ఎక్కాలె. లేకుంటే నీ ఆన్‌లైన్ బంద్, నీ నౌకరీ బంద్!" అని ఖమ్మం ఆఫీసునుండి ప్రమీల మేడమ్ ఫోనున శంఖము పూరించియుండెను.

ఎదుట ప్లాస్టిక్ సింహాసనముపై, ఇంటి వివరములు చెప్ప వచ్చిన ఎర్రమ్మ. చెంత కోడలు పుష్ప.

"అమ్మా, మీ ఇంట్ల ఎంతమంది?"

ఎర్రమ్మ కనుబొమలు విల్లులయ్యెను. "మనుషుల్ని లెక్కపెడ్తరా సారూ? మేకలనుకున్నవా? దిష్టి తగుల్తది!"

గడి వదిలి ముందుకురుకబోయిన వీరుని "ఈ ప్రశ్న తప్పనిసరి" అను రక్తాక్షరములు నిలువరించెను. ఆ నిబంధన పెట్టినది ఎవరు? తానే! తన పద్మవ్యూహమున తానే చిక్కెను.

"ఏదో ఒకటి కొట్టు సారూ, బర్రెలొచ్చే యాళ్లయింది" అనె పుష్ప.

"ఓ పుష్పా! ఊహాంకములతో నిండిన సర్వే సర్వనాశనము! అంతకన్న నా కీబోర్డు విరుగుగాక!"

"ఏమంటుండే అత్తా ఈయన?"

"ఎండ దెబ్బనే పిల్లా."

వీరుడు ప్రశ్నను మార్చెను. "రాత్రి అన్నానికి ఎన్ని కంచాలు పెడ్తరు?"

"అయిదు."

విజయనాదము గొంతు దాటకమున్నే ఎర్రమ్మ నవ్వెను. "గని మా కొడుకు గోపాలు, ఇదీ ఒక్క కంచంలనే తింటరు. కొత్త పెండ్లి గద!"

పుష్ప కొంగు నోటికడ్డము. మొహసిన్ చేయి నెత్తికడ్డము.

అంతట అతడు గణనను యంత్రమునకే వదలి, ఖాళీ గడులను బారులుగా నిలిపెను. "ఊకె పేర్లు చెప్పుండ్రి, చాలు."

"పేర్లకేంది, రాసుకో!" అత్త పెనిమిటి పేరు కోడలును, కోడలి పెనిమిటి పేరు అత్తయు సంధింప, నామశరపరంపర గడులనెల్ల నింపెను. చివరి తెరపై యంత్రము ఆరు అని తేల్చెను.

"ఆఁ! లెక్కపెట్టనే పెట్టింది గదనే ఈ డబ్బా!" ఎర్రమ్మ మౌసుపై చేయి అడ్డము వేసి, పుష్పచే పక్క హోటలునుండి గుప్పెడు ఉప్పు తెప్పించెను.

"అమ్మా, కీబోర్డుల పడకుండ జర పైలం!"

ఆమె మానిటరుచుట్టు ఉప్పు ముమ్మారు త్రిప్పి, థూ థూ అని, వీధిలో విసరివచ్చి సెలవిచ్చెను: "ఇగ పంపు సారూ."

పంపెను! సర్వరు స్వీకరించెను! ఓ జనులారా, వినుడు: అశేష భారతావనియందు ఒక్క ఇల్లు, అదియును దిష్టి తీసిన ఇల్లు, అంతర్జాలమునెక్కెను!