ఎగరని రాకెట్టు, పగిలిన కోడిపుంజు

మిత్రులారా, తన చిన్న బుద్ధిని దాచుకోవడానికి మనిషి ఎంత పెద్ద వస్తువునైనా వెతుక్కుంటాడు. నేను, ఎవరిస్తో అనేవాణ్ణి, నలభై అంతస్తుల రాకెట్టును వెతుక్కున్నాను.

మా అత్తగారు దోన్యా ఎర్మెలిందా కానుకగా ఇచ్చిన పింగాణీ గడియారం మా గోడమీద ఉండేది. గంటగంటకూ అందులోని కోడిపుంజు కూసేది. అది అచ్చం అమ్మ పిలిచినట్టుంటుందని నా భార్య ఒఫీలియా మురిసిపోయేది. నాకూ అలాగే వినిపించేది. అదే నా కష్టం.

రాకెట్ల ప్రయోగకేంద్రానికి దగ్గర్లోని మా ఊరు పోర్ట్ ఇసబెల్‌లో రాకెట్టు లేచిన రోజున ఇంట్లో ఏది పగిలినా ఎవరూ కారణం అడగరు. అందుకే ముందునుంచీ పాఠం మొదలుపెట్టాను.

"ముప్పై మూడు ఇంజన్లు, ఒఫీలియా. ఏడు వేల టన్నులకు పైగా తోపుడు బలం. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపినదానికి రెండింతలు. గోడమీద ఏదీ నిలవదు."

"పోయినసారి నిలిచాయిగా."

"ఇది ఇంకా పెద్దది."

"నువ్వూ ఏటేటా పెద్దవుతున్నావు. ఇంట్లో ఒక్క కుర్చీ అయినా కదిలిందా?"

ప్రయోగం నాటి సాయంత్రం ఆమె ఊరందరితోపాటు ఒడ్డుకు వెళ్లింది. మోకాలి నొప్పి పేరు చెప్పి నేను మిగిలాను. టీవీ పెట్టలేదు. ఏడు వేల టన్నులు చెవికి వినపడకపోతాయా అని ధీమా.

చెప్పిన వేళకు నేల అదిరింది, గ్లాసులు గలగలలాడాయి. ఒక్క వేలితో గడియారాన్ని మేకు నుంచి తప్పించాను. కోడిపుంజు నేలమీద సగం కూత కూసి ఊరుకుంది.

ఒఫీలియా వచ్చేసరికి ముక్కల పక్కన దిగులుగా కూర్చున్నాను.

"నేను చెప్పలేదూ? ఆ దెబ్బకి ఇల్లంతా ఊగిపోయింది."

"ఏ దెబ్బకి?"

"రాకెట్టు దెబ్బకి."

"అది ఎగరనేలేదు, ఎవరిస్తో. ఇంధనం ఎక్కడో కారుతోందని రేపటికి వాయిదా వేశారు. మన సందు మొదట్లో కంకర లారీ ఒకటి ఎదురొచ్చింది. అదేనా?"

ఏడు వేల టన్నులూ నన్ను వదిలి వెళ్లిపోయాయి. మిగిలింది నా వేలొక్కటే.

ఆమె కేకలు వేయలేదు. మంచం కిందనుంచి పెద్ద మూట లాగి విప్పింది. లోపల మా నాన్న వాయించిన అకార్డియన్. ఇంట్లోని దుప్పట్లన్నీ దానికే చుట్టి ఉన్నాయి.

"ఏదీ నిలవదన్నావు కదా, నమ్మాను. దుప్పట్లు దీనికే సరిపోయాయి. అమ్మ గడియారాన్ని దేవుడికి వదిలేశాను."

తలెత్తలేక చీపురు అందుకున్నాను.

"రేపు రాకెట్టు చూడ్డానికి అమ్మ వస్తోంది," అంది. "గుమ్మంలోనే గడియారం ఏదని అడుగుతుంది. నువ్వే చెప్పు."

"నేనా?"

"నాకు ఆ శాస్త్రం తెలియదుగా."

రేపు కూడా వాయిదా పడాలని ఈ ఊళ్లో కోరుకుంటున్నవాణ్ణి, మిత్రులారా, నేనొక్కణ్ణే.